కొత్తవాడ ఆడోళ్లంతా జూలై ఒకటినే పుట్టిర్రు

మొన్న ఒక సర్టిఫికెట్ కోసం సర్కారు సేవల కేంద్రానికి పోతే, కౌంటర్ల కూసున్న పిల్ల మర్యాదగనే, సిస్టంల మీ పేరు లేదంకుల్ అన్నది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పిల్ల మీద కాదు, ఆ మాట మీద. ఎందుకంటే ఎనభైల చివర్ల ఆ మాట నేనే అన్న.

అప్పుడు వరంగల్ల ఒక సర్కారు ఆఫీసుల గుమాస్తాను. కంప్యూటర్ వస్తాందంటే కొత్త పెండ్లికొడుకు దిగినట్టు దానికో ఏసీ గది, పరదాలు, గడప బయట మా చెప్పులు. పెద్దసారు కొబ్బరికాయ కూడా కొట్టిండు. వితంతు పింఛన్ల వివరాలు దాంట్ల ఎక్కించేందుకు ఫారాలు నింపే పని నాకు పడ్డది. కొత్తవాడల జంపఖానాలు నేసే ఇండ్లల్ల ఏ ముసలమ్మకు పుట్టిన తారీఖు ఎరుక? బడిల పంతుళ్లు రాసినట్టే నేను కూడా వయసు అందాజుగ వేసి, అందరికీ జూలై ఒకటి అని రాసి పారేసిన. మా పెద్దమ్మకు కూడా అదే రాసిన.

పెద్దమ్మ పేరే ఉండి, పోయిన మొగని పేరు కూడా మా పెద్దనాయిన పేరే అయిన ఇంకో వితంతువు రెండు గల్లీల అవతల ఉండె. పేర్లు ఒకటే, నేను వేసిన వయసు, తారీఖు ఒకటే అయ్యేసరికి, ఒక్క మనిషే రెండు పింఛన్లు తింటాందని ఆ మిషిన్ పెద్దమ్మ పేరు కొట్టేసింది. చూపు ఆనక మగ్గం దిగి రెండేండ్లయిన మనిషి, ఆ పింఛను మీదనే ఆమె పొయ్యి వెలిగేది. ఆఫీసుకొచ్చి అడిగితే నేను లిస్టు తిరగేసి, కంప్యూటర్ల నీ పేరు లేదు పెద్దమ్మా అన్న. ఆ మాట అనడానికి నాకు నోరెట్ల వచ్చిందో!

“నీ ముంగట్నే నిలబడ్డ గదరా! నీ కండ్లను నమ్ముతవా, ఆ డబ్బను నమ్ముతవా?” అని ఆఫీసంతా వినేటట్టు తిట్టింది.

పెద్దసారు కాడికి ఉరికితే, లిస్టు పైన మంజూరైపోయింది, ఇగ మన చేతుల లేదన్నడు. తప్పు నాదేనని అర్జీ మీద అర్జీ రాసిన. మా ఇంటికి రమ్మంటే పెద్దమ్మ రాలేదు. ఒకరి మీద పడి తిననని, కనబడని కండ్లతోనే మళ్ల మగ్గమెక్కింది. సవరించిన లిస్టుల ఆమె పేరు వచ్చేనాటికి ఆమె పోయి నెల దాటింది. ఆ పేరు పక్కన ‘మరణించినది’ అని నా చేతులతోనే రాసిన. థూ, అదేం కొలువు!

ఇప్పుడు కాయిదాలు నిమిషాల చేతికొస్తున్నయి, కాదనను. మన తరం ఎండల నిలబడ్డ లైన్లు ఇప్పుడు లేవు. కానీ తప్పు పడ్డనాడు నిలదీసి అడుగుదామంటే ఆ తప్పు రాసిన మనిషే ఎదురుంగ లేడు, కౌంటర్ల పిల్లకేం ఎరుక. మా పెద్దమ్మకు తిట్టడానికి నేనన్న ఉంటి. మనం ఎవర్ని తిట్టాలె?