మానేరు ఒడ్డున చిన్నమ్మ కావలి

చిన్నమ్మ పోయిందని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను కోరుట్లలో నా టైలరింగ్ షాపులో జాకెట్టు ముక్కలు కత్తిరిస్తున్నాను. "పొద్దుగాల చాయ్ తాగింది, కూసున్నది కూసున్నట్టే ఒరిగిందక్కా" అన్నాడు. చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు, వాడికి కన్నతల్లి. అలాంటివాడితో నా నోట వచ్చిన మొదటి మాట "మరి గుడ్లెట్లరా?" అని. వాడు ఏడుస్తూనే జవాబిచ్చాడు. "ఇంకా పిల్లలు బయటికి ఎల్లలేదక్కా."

ఆ గుడ్ల సంగతేమిటో మీకు చెప్పాలి. అది చెబితే చిన్నమ్మ సంగతి చెప్పినట్టే.

సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లిలో, మానేరు వాగుకు దగ్గరగా వాళ్ల ఇల్లు. ఆమె భర్తను నేను చిన్నబాపు అంటాను. ఒకప్పుడు కల్లు గీసేవాడు, తర్వాత సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనికి కుదిరాడు. చిన్నమ్మ ఇంట్లో దారం కండెలు చుట్టేది. ఆమె స్థిమితంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. పక్కింటి మేక ఈనినా సంబరమే, బస్సు టైముకు వచ్చినా సంబరమే. ఏ కబురైనా ముందు ఎదుటివాళ్ల మోచేయి పట్టుకుని గట్టిగా ఊపి, ఆ తర్వాతే నోరు తెరిచేది. ఆమె ఇంటికి వెళ్లొచ్చిన ప్రతిసారీ నా మోచేయి నొప్పి పెట్టేది.

ఒకసారి చలికాలంలో వెళ్లినప్పుడు ఊరికే ఫోన్లో ఒక వీడియో చూపించాను. ఎక్కడో సముద్రం ఒడ్డున తాబేళ్లు గుడ్లు పెడితే, ఆ ఊరివాళ్లు వంతులేసుకుని కావలి కాస్తున్నారు. చిన్నమ్మ దాన్ని మళ్లీ మళ్లీ చూసింది. "సముద్రం తాంబేలుకు గంత మందున్నరు. మన వాగుల తాంబేలుకు ఎవ్వలున్నరే?" అంది. మర్నాడు నన్ను లాక్కుంటూ ఇసుకలోకి తీసుకెళ్లి, బట్టలుతకడానికి పోయినప్పుడు తాను చూసిన గూడు చూపించింది. "మనకు సముద్రం లేకపోతే ఏమాయె బిడ్డా, వాగున్నది గద" అని నా మోచేయి ఊపింది. అలా మొదలైంది.

ఆ మొదటి ఏడు మావాళ్లు చేసిన పని సాంచాల ఊరివాళ్లు తప్ప ఇంకెవరూ చేయరు. కుక్కలు తవ్వుతాయని భయపడి, ఇంటింటా మిగిలిన పాలిస్టర్ గుడ్డ తెచ్చి గూటి మీద పొరలు పొరలుగా కప్పారు. ఎర్రవి, పచ్చవి, జరీ అంచువి. ఇసుకలో బతుకమ్మను పేర్చినట్టుండేది. చిన్నమ్మ రోజూ వెళ్లి చూసుకుని మురిసిపోయేది. ఎండలు ముదిరాక ఆ గుడ్డల కింద ఇసుక ఉడికిపోయింది. తొలకరి పడినా ఒక్క పిల్ల బయటికి రాలేదు. తవ్వి చూస్తే గుడ్లన్నీ మురిగిపోయి ఉన్నాయి. ఆమె అక్కడే కూలబడింది. "ఎండకాలం పాలిస్టర్ కప్పుకొని మనం పండుకుంటమా? గీ బుద్ధి ముందుగాల ఎందుకు రాలె?" అని తనను తానే తిట్టుకుంది. చాన్నాళ్లు ఎవరి మోచేయీ పట్టుకోలేదట. "అమ్మ సప్పుడు జేస్తలేదక్కా, నాకు భయమైతుంది" అని తమ్ముడు ఫోన్ చేశాడు.

మళ్లీ చలికాలం వచ్చింది. తాబేలు కూడా వచ్చి అదే ఒడ్డున గుడ్లు పెట్టింది. "అచ్చిందే, మల్ల మన దగ్గరికే అచ్చింది" అని చిన్నమ్మ ఫోన్లో అరిచిన అరుపుకు, షాపులో కొలతలిస్తున్నామె ఉలిక్కిపడింది. ఈసారి గుడ్డ పీలిక కూడా కప్పనివ్వలేదు. కుక్కలు రాకుండా చుట్టూ తడక కట్టించింది, మిగతాది మనుషులకు అప్పజెప్పింది. సాంచాల మీద డ్యూటీ దిగినవాళ్లందరికీ ఒకటే మాట, "ఇంటికి వాగు మీదికెళ్లి గూడు చూసుకుంట పోండ్రి." మొదట్లో నవ్వుకుంటూ వెళ్లేవారు. కొన్నాళ్లకు నవ్వడం మానేశారు గానీ వెళ్లడం మానలేదు. ఇసుక ట్రాక్టరు అటు తిరిగితే తానే ఎదురెళ్లి నిలబడేది. "గిది పురుడు పోసుకున్న జాగ, పక్కపొంటి పో కొడుకా" అంటే డ్రైవర్లు బండి తిప్పుకుని పక్కనుంచి పోయేవారు.

కాకుల్ని ఆపడం మాత్రం మనుషుల వల్ల కాలేదు. చిన్నమ్మ ఒక పొడుగాటి వెదురు కట్టెకు ఎర్ర పాలిస్టర్ అంచు కట్టి గూటి పక్కన పాతింది. అది గాలికి పటపట కొట్టుకుంటుంటే కాకులు ఆ ఛాయలకు రాలేదు. అదే రోజుల్లో కోడిగుడ్డు తినడం కూడా మానేసింది. "కావలుండుడొక దిక్కు, కొరుక్కతినుడొక దిక్కా?" అనేది. మరి చికెన్ ఎందుకు మానలేదని అడిగితే నా మోచేయి గిల్లింది.

ఆమె కోరిక ఒక్కటే. "ఒక్కటంటే ఒక్క పిల్ల నీళ్లల్లకు పోంగ నా కండ్లతోని చూడాలె." వానలు పడకముందే పోయింది.

మా వైపు మనిషి పోయిన మూడోనాడు పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, ఆకులో వడ్డించి, కాకి కోసం ఎదురుచూస్తారు. కాకి ముట్టిందంటే మనిషి తృప్తిగా వెళ్లినట్టు. ముట్టలేదంటే ఏదో కోరిక మిగిలినట్టు. ముందటి సాయంత్రం తొలకరి జల్లు పడింది. పొద్దున్నే అందరం మానేరుకు వెళ్లాం. గూటికీ నీళ్లకూ మధ్య చిన్నబాపు ఆకు పరిచాడు. అన్నం, చికెన్, పక్కన కల్లు పెట్టాం. గుడ్డు పెట్టలేదు.

కాకి రాలేదు. "నీ మనుమరాలిని మంచిగ సదివిస్త అమ్మా" అని తమ్ముడు ఆకుకు దండం పెట్టాడు. రాలేదు. "నీ కమ్మలు నీ కోడలికే ఇస్తం చెల్లె" అంది మా అమ్మ. అయినా రాలేదు. చిన్నబాపు మొహం చిన్నబోయింది. అప్పుడు తలెత్తి చూశాం. పక్కనే చిన్నమ్మ పాతిన కట్టెకు ఎర్ర గుడ్డ పటపట కొట్టుకుంటోంది. కాకులన్నీ దూరంగా తుమ్మచెట్టు మీద కూర్చుని ఉన్నాయి.

"కట్టె పీకితేనే అస్తయి" అన్నాడు కులపెద్ద.

"పీకితే గూడెట్ల?" అన్నాను. కాకి ముట్టకపోతే ఆమెకు తృప్తి లేదు, గూడు పాడైనా ఆమెకు తృప్తి లేదు. చిన్నబాపు లేచి వెళ్లి ఆ కట్టెను పట్టుకుని నిలబడ్డాడు. "గడియసేపు, గంతే" అని కట్టెకే చెప్పి పీకాడు.

కాకులు లేచాయి. అందరం ఆకు వైపే చూస్తున్నాం. అవి ఆకు మీద వాలలేదు, గూటి వైపు తిరిగాయి. అక్కడ తడి ఇసుక కదులుతోంది. ముందు ఒక చిన్న ముక్కు, తర్వాత రెండు కాళ్లు, ఆ వెనక రూపాయి బిళ్ల కన్నా కొంచెం పెద్ద వీపు. దాని వెనక ఇంకొకటి. "ఎల్తున్నయే, పిల్లలు ఎల్తున్నయే" అని నేను అరిచాను. అచ్చం చిన్నమ్మ అరుపే నా గొంతులో వచ్చింది. తమ్ముడు తడక ఎత్తి పక్కన పడేశాడు. మా అమ్మ కొంగు తిప్పింది, కులపెద్ద తువ్వాల తిప్పాడు, చిన్నబాపు పీకిన కట్టెతోనే ఇసుకలో అటూ ఇటూ పరుగెత్తాడు. కాకి రావాలని అప్పటిదాకా దండాలు పెట్టినవాళ్లమే "హుష్, హుష్" అని కాకుల్ని తరిమాం. అందరం ఏడుస్తున్నాం, అందరం నవ్వుతున్నాం. పక్కనున్న మరదలి మోచేయి పట్టుకుని ఊపేస్తున్నానని నాకు చాలాసేపటికి గాని తెలియలేదు. చిన్న సంగతికి ఇంత సంబరపడటం నాకు నేర్పింది ఆమే.

పిల్లలన్నీ నీళ్లలోకి దిగాయి, చివరిది తప్ప. అది తిన్నగా ఆకు మీదికే నడిచింది. అన్నం కుప్ప ఎక్కి, జారి, బోర్లాపడి, తేరుకుని అవతలికి దిగింది. మేమెవరం దాన్ని ఆపలేదు.

"పిట్టయితే ముట్టలేదు" అని గొణిగాడు కులపెద్ద.

చిన్నబాపు కట్టె దించాడు. "ముట్టింది" అన్నాడు.

ఆ పిల్ల నీళ్ల అంచున ఒక్క క్షణం ఆగింది. దాని వీపు మీద తెల్లగా ఒక అన్నం మెతుకు అంటుకుని ఉంది. ఆ మెతుకుతోనే మానేరులోకి దిగింది.