బాసక్క తమ్ముడి కారు

మా వీధిలో కార్లకు సౌండు సిస్టములు బిగించే ఆవిడను అందరూ బాసక్క అంటారు. వచ్చినవాడల్లా "అక్కా, బాస్ సరిపోవట్లేదు, దబ్ దబ్ మని మోగాలి" అనేవాడు, ఆ పేరే అతుక్కుపోయింది. పక్క కొట్లో నేను కుట్టుమిషను పెట్టుకుని ఇన్నేళ్లయినా ఆవిడ అసలు పేరు నాకూ తెలియదు. ఎవరికీ తలొగ్గే మనిషి కాదు. ఒక్క తమ్ముడి దగ్గర మాత్రం వెన్నపూస. తల్లి పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది. వాడు అడగడం, ఈవిడ ఇవ్వడం. కాదనడం అలవాటే లేదు. ఈ గారాబం ఎప్పుడో కొంప ముంచుతుందని మొహం మీదే అన్నాను. నా నోరు మంచిది కాదు.

ఆ మధ్యాహ్నం తమ్ముడు కారు తెచ్చి కొట్టు ముందు ఆపాడు. వెనక సీట్లో అతని కూతురు కాళ్లూపుతూ కూర్చుంది.

"డిక్కీలో సబ్‌వూఫర్ పెట్టె నీరసంగా మోగుతోంది అక్కా. రేపు పొద్దున్నే అందరం ఊరెళ్తున్నాం. కాస్త గెయిన్ తిప్పి మోత పెంచి ఇచ్చెయ్."

"ముందు రోగమేంటో తెలియనీరా."

స్పీకరు తీగలు తారుమారు కాలేదు. పెట్టెకు పగుళ్లు లేవు. ఎర్త్ బోల్టు బిగువుగానే ఉంది. చివరికి ఆంప్లిఫయరు దగ్గర మీటరు పెట్టి పాట వేసింది. పాటలో దెబ్బ పడ్డప్పుడల్లా వోల్టుల అంకె కిందికి జారిపోతోంది.

"కరెంటు దారిలోనే ఎక్కడో చస్తోంది" అంటూ బానెట్ ఎత్తింది. బ్యాటరీ పక్కన ఫ్యూజు ఉండాల్సిన చోట రాగి పోగులు మెలిపెట్టి ఉన్నాయి. చుట్టూ ప్లాస్టిక్కు నల్లబడి కరిగిపోయింది.

"ఇదెవడు పెట్టాడు?"

"నేనే. ఫ్యూజు మాటిమాటికీ పోతోంది. ఎన్నని మార్చను?"

"ఎందుకు పోతోందో చూశావా?"

ఆవిడ వేలితో తీగను తడుముకుంటూ వెళ్లింది. ఇంజను వైపు నుంచి కారు లోపలికి దూరే రంధ్రానికి రబ్బరు లేదు. ఇనుప అంచు కోసి కోసి, తొడుగు చిరిగి, రాగి బయటపడింది. అది ఇనుముకు తగిలినప్పుడల్లా ఫ్యూజు కాలిపోయి కారును కాపాడింది. ఈ మహానుభావుడు దాన్నే పీకేశాడు. ఆ తీగ కార్పెట్ కిందుగా, సరిగ్గా పిల్ల కాళ్ల కిందుగా, డిక్కీలోకి వెళ్తోంది.

"ఇప్పుడిది గట్టిగా తగిలితే ఆపేది ఏదీ లేదురా. నిలువునా అంటుకుంటుంది. కారు ఇక్కడ వదిలెయ్, కొత్త తీగ లాగిస్తాను."

"పొద్దున్నే వెళ్లాలంటుంటే వినవేం? ఇన్నాళ్లూ ఏమైంది? పాటలకు కూడా భయపడితే ఎలా అక్కా?"

ఆవిడ మాట్లాడకుండా కటింగ్ ప్లయరు తీసి బ్యాటరీ దగ్గర ఆ తీగను కట్ చేసేసింది. తమ్ముడికి కాదని చెప్పడం నేను చూడటం అదే మొదలు.

"పాటల్లేకుండా వెళ్లు. బతికుంటే రోజూ వినొచ్చు."

వాడు బానెట్ ధడాలున మూసి, వెళ్లొస్తానని కూడా అనకుండా పోయాడు. ఆవిడ అన్నం డబ్బా మూత తీసి, మళ్లీ మూసేసింది.

"ఒక పూట అలుగుతాడు, అంతే. గండం గడిచింది కదా" అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను, బుద్ధి లేక.

మర్నాడు పొద్దున కొట్లు తీస్తుంటే వీధి మొదట్లోంచి దబ్ దబ్ మని మోత వచ్చింది. నిండైన మోత, నీరసం ఎక్కడా లేదు. బాసక్క తాళం చేతిలో ఉండగానే వీధిలోకి వచ్చింది. తమ్ముడి కారు మా ముందు నెమ్మదించింది.

"విన్నావా అక్కా? బస్టాండు దగ్గర మెకానిక్ చిటికెలో ఆ తీగనే బ్యాటరీకి డైరెక్టుగా కలిపేశాడు. ఫ్యూజూ లేదు, గొడవా లేదు" అని నవ్వి, పాట ఇంకా పెంచి, కారు పోనిచ్చాడు.

"ఆపరా, ఆపు" అని అరుస్తూ ఆవిడ చేతులు రెండూ పైకెత్తి పరుగెత్తింది. చెప్పులు ఊడిపోయినా ఆగలేదు. నేను ఫోను తీసి వాడికి చేశాను. మోగుతూనే ఉంది, ఎత్తడు. ఆ హోరులో వాడికి ఏం వినిపిస్తుంది? అత్త టాటా చెబుతోందనుకుని, వెనక అద్దంలోంచి పిల్ల కూడా రెండు చేతులూ ఊపింది.