నూట ఇరవైకి నూట ఇరవై

2024 ఆగస్టు 13, మంగళవారం. ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. వనపర్తిలో తెల్లవారుజామున పట్టిన ముసురు అప్పటికింకా విడువలేదు. ఒక డిగ్రీ కళాశాలలో, రెండో సంవత్సరం బి.ఎస్సీ. గదిలో, మూడో బల్ల చివర కూర్చున్న అఖిలను నేను మొదటిసారి చూచినది అప్పుడే.

నేను ఆ గదికి పోవడానికి కారణం గీత. ఆమె గద్వాల అమ్మాయి. విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నది. చదువు విషయంలో విద్యార్థులకు తమపై తమకెంత నమ్మకమున్నది, ఆ నమ్మకానికీ వారు నేర్చుకొనే తీరుకూ గల సంబంధమేమి అన్నది ఆమె అంశం. అందుకై సిద్ధపరచిన ఇరవై నాలుగు వాక్యాలను తెలుగు చేసిపెట్టినవాణ్ని గనుక, పత్రాలు పంచడానికి నన్నూ వెంటబెట్టుకొని వచ్చింది. ‘అర్థం కానిదాన్ని తరగతిలో లేచి అడగగలను’, ‘ఎవరి సాయమూ లేకుండా కొత్త లెక్క చేయగలను’ వంటి వాక్యాలవి. నమ్మకం బొత్తిగా లేకుంటే ఒకటి అంకెకు, పూర్తిగా ఉంటే అయిదుకు సున్న చుట్టాలి. మార్కులతో పోల్చి చూడాలి గనుక పైన హాల్ టికెట్ నంబరు వేయాలి. జవాబులు తన వద్దనే ఉంటాయని గీత రెండుసార్లు చెప్పింది.

అఖిల ప్రతి వాక్యాన్నీ పెదవులు కదుపుతూ చదివింది. చదివి, ప్రతిసారీ అయిదుకే సున్న చుట్టింది. పెన్సిలు నొక్కిన నొక్కుడుకు ఆ సున్నలు కాగితం వెనకవైపుకు ఉబికినాయి. పత్రం నా చేతికిస్తూ మెల్లగా అడిగింది.

“సార్, ఇది ఎవరికిస్తరు?”

“ఎవ్వరికీ ఇవ్వరమ్మా.”

“హాస్టలోళ్లకు గిట్ల?”

“ఇవ్వరు.”

ఆమె తలూపింది గాని నమ్మలేదు.

అఖిలది పెద్దమందడి మండలంలో ఒక చిన్న ఊరు. తండ్రి మాసయ్య, తల్లి రాధమ్మ ఏటా దీపావళి వెళ్లగానే మేస్త్రీ వెంట లారీలో పుణె వైపు మట్టిపనికి పోతారు. ఏడో తరగతిలో హాస్టల్ దొరికేదాకా ఆ పిల్ల కూడా ఏటా ఆ లారీ ఎక్కినదే. డిగ్రీ మొదటి సెమిస్టర్లో కలనగణితం తప్పింది. డిసెంబరులో మళ్లీ రాయాలి. ఈసారీ తప్పితే చదువు చాలించి తమతో పనికి రావలసిందేనని మాసయ్య చెప్పి ఉన్నాడు.

వారం తిరిగింది. మరుసటి మంగళవారం గణితం చెప్పే రవి సార్ తరగతికి ఒక జాబితాతో వచ్చారు. వెనకబడినవారికి సాయంత్రం అదనపు పాఠం చెబుతానని ఆయన అడిగితే, మంచికే గదా అని గీత ఇచ్చిన జాబితా అది. నమ్మకం తక్కువున్నవారు సాయంత్రం తరగతికి రావాలి. ఎక్కువున్నవారు శుక్రవారానికొకరు చొప్పున బోర్డు దగ్గర తోటివారికి లెక్క చేసి చూపాలి.

“అఖిల. నూట ఇరవైకి నూట ఇరవై! మొదటి శుక్రవారం నువ్వే.”

పక్క వరుసలోంచి వంశీ రెండు చేతులూ జోడించాడు. “ఓ నూటిరవై! జర మా మీద గూడ దయజూడు తల్లీ. నాకు నలభయ్యే వచ్చినయి.”

గదంతా నవ్వింది. అఖిల అరచేతులను చున్నీకి తుడుచుకొన్నది. సాయంత్రం అదనపు తరగతి వాకిట పుస్తకం పట్టుకొని నిలబడితే, “నీకెందుకమ్మా, నీ పేరు ఇందులో లేదు” అని పంపివేసినారు. ఇదంతా, ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదన్నదీ నాకు తరువాత తెలిసింది.

బుధవారం మధ్యాహ్నం గ్రంథాలయం వరండాలో నేనూ గీతా పత్రాలు సరిచూస్తుండగా అఖిల వచ్చింది. 

“మేడమ్, నా కాగితం నాకియ్యుండ్రి. అండ్ల రాసిందంత అబద్ధం.”

“అబద్ధమెందుకు రాసినవ్?” అన్నది గీత.

“చేతనైతదా అని అడిగిన్రు గద. కాదంటె ఉంచుతరా?”

“ఎక్కడ?”

“హాస్టల్ల. కాలేజిల.”

గీత కుర్చీ చూపింది. ఆమె కూర్చోలేదు, నిలబడే చెప్పింది. లారీ దగ్గర మేస్త్రీ వెంకటన్న ఒక్కొక్కరినీ ఆపి, గంప మోస్తవా, రాయి ఎత్తుతవా అని అడుగుతాడు. అవునన్నవారే ఎక్కాలి. తనకు తొమ్మిదేండ్లప్పుడు వాళ్ల వాడలోని మల్లమ్మ, మోకాలు నొస్తున్నది, బరువు చేతకాదు అన్నది. ఆమె మూటను దించి రోడ్డు పక్కన పెట్టినారు. లారీ కదిలింది. “అప్పుడు మా నాయిన నా చెవుల చెప్పిండు మేడమ్. ఎవరేమడిగినా చేతనైతదనాలె బిడ్డా, చేసుడు తర్వాత సంగతి అని.”

“ఇది అట్లాంటి అడుగుడు కాదు అఖిలా. ఎవ్వరికీ ఇయ్యనని చెప్పిన గదా?”

“చెప్పిన్రు. మరి రవి సార్ కాడికెట్ల వోయింది?”

  గీత లేచి నేరుగా రవి సార్ వద్దకు పోయి, జాబితా తిరిగి ఇవ్వమని, అఖిలను బోర్డు దగ్గరికి పిలవవద్దని అడిగింది. ఆయన కఠినులు కారు; విసిగినారు. “ఇచ్చిందీ మీరే, వద్దనేదీ మీరేనా? జాబితా లేకుంటే సాయంత్రం పాఠానికి ఎవరొస్తరు? ఎగ్గొట్టి తిరిగేటోళ్లకు చెప్పుడు నాకు చేతగాదు. కావాలంటే ఆమెనే వచ్చి అడగమనుండ్రి.”

ఈ మాట అఖిలకు చెప్పి గీత, “శుక్రవారం జ్వరమని రాకు, నేను చూసుకుంట” అన్నది.

“ఎన్ని శుక్రవారాలు జ్వరమొస్తది మేడమ్?” అన్నది అఖిల. 

శుక్రవారం మేమిద్దరం వెనక బల్లపై కూర్చున్నాము. అఖిల తన సంచీని భుజానికి తగిలించుకొనే బోర్డు దగ్గరికి పోయింది. మొదటి మెట్టు రాసింది. రెండో మెట్టులో సమానపు గుర్తు పెట్టి ఆగింది. 

“కానియ్యి నూటిరవై!” అన్నాడు వంశీ.

అఖిల తరగతివైపు తిరిగింది. “నాకు రాదు సార్.”

“ఏమిటి?”

“ఈడి దాంక యాది పెట్టుకున్న. ఈడికెల్లి తెల్వదు. భయమై ఆ కాగితంల అన్నిటికి అయిదు పెట్టిన. సాయంత్రం తరగతిల నన్ను గూడ కూసోనియ్యుండ్రి.”

ఎవ్వరూ నవ్వలేదు. ఆమె సుద్దముక్కను బల్లపై పెట్టి వాకిలివైపు నడిచింది.

“ఎటు పోతున్నవ్?” అన్నారు రవి సార్.

“పొమ్మంటరేమో అని.”

ఆయన బోర్డును, ఆ సమానపు గుర్తును చూచినారు. “సంచి ఆడ పెట్టు. సాయంత్రం నాలుగున్నరకు రా. రెండో మెట్టు నుంచే మొదలువెడదాం.” తరువాత తరగతినుద్దేశించి అడిగినారు: “ఇట్ల అయిదులు పెట్టినోళ్లు ఇంకెవరన్న ఉన్నరా?”

 వెనక బల్లల నుంచి నలుగురు, ఒకరి ముఖం ఒకరు చూచుకొంటూ లేచినారు.

“జరుగుర్రి, జరుగుర్రి. నూటిరవై మన బెంచికొస్తుంది” అని వంశీ పక్కకు జరిగినాడు.

గీత ఆ వారమే నంబర్లున్న పత్రాలన్నిటినీ పక్కన పెట్టి, నంబరు లేకుండా మళ్లీ రాయించింది. మార్కులతో పోల్చే అధ్యాయాన్ని వదులుకోవలసి వచ్చింది. జాబితా ఇచ్చిన తన తప్పును సిద్ధాంత గ్రంథంలో రెండు పేజీలలో రాసింది. ఆ గ్రంథం ఇంకా పరిశీలనలో ఉన్నది. రవి సార్‌కు 2025 జూన్‌లో నాగర్‌కర్నూల్ బదిలీ అయింది. మాసయ్య, రాధమ్మ 2024 నవంబరులో పుణె పోయినారు. అఖిల డిసెంబరులో కలనగణితం రాసి ఎనభైకి ముప్పై అయిదు మార్కులతో గట్టెక్కింది. మరుసటి సెమిస్టర్లో ఇంకొక పేపరు తప్పి, మళ్లీ రాసి ఉత్తీర్ణురాలైంది. ఇప్పుడు మూడో సంవత్సరం చదువుతున్నది. అదే హాస్టల్లో ఉంటున్నది.