ఊరగాయ బేసినులో ముద్ద

మా ఇంట్లో మామిడికాయ ఊరగాయ కలిపేది నేనే. నా చేతితో కలిపిన జాడీకి బూజు పట్టదు. ఆ మాట మా అత్తే అంటుంది. నన్ను మెచ్చుకోవడానికి ఆమె నోట్లో ఉన్న మాట అదొక్కటే.

గరిటె పెట్టి కలిపితే మా అత్త ఒప్పుకోదు. మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి తిప్పాలి. శెనక్కాయ చెట్లు పీకి పీకి అరచేతులు పగిలి ఉంటాయి కదా, ఆ పగుళ్లలోకి కారం, ఆవపిండి దిగుతాయి. మంట చల్లారడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అయినా కలిపేదాన్ని, ఆ తర్వాత పెట్టే ముద్ద కోసం. ముక్కలన్నీ జాడీకి ఎత్తాక బేసినుకు కారం, నూనె అంటుకుని ఉంటాయి. అందులో వేడన్నం వేసి పిసికి, ముద్దలు చేసి ఇంట్లో అందరికీ పెడతారు. కలిపినవాళ్లే పెట్టాలి. నా కూతురికి నోట్లో పళ్లు వచ్చినప్పటి నుంచి మొదటి ముద్ద దానికే పెట్టాను. కారమని ఏడ్చేది, ముక్కు తుడుచుకుని మళ్లీ నోరు తెరిచేది.

ఒక ఏడు వానాకాలంలో నా మొగుడు పోయాడు. వానాకాలమని పేరే గాని చినుకు లేదు. పండ్లతోటలో ఎండిపోయిన చీనీ చెట్లు కొట్టించి, మొద్దులు తోలుకొస్తుంటే ట్రాక్టరు బోల్తా పడింది. తర్వాతి ఎండాకాలానికి నా కూతురు తొలి కాన్పుకని వచ్చింది. మా మరిది బత్తలపల్లె నుంచి మామిడికాయలు తెచ్చాడు. ఎప్పటిలాగే నన్ను పిలిచారు. కాయలు తుడిచాను, కొట్టాను, కలిపాను, జాడీకి ఎత్తాను. బేసినులో అన్నం వేసి పిసుకుతుంటే మా అత్త అంది.

"ఇంగ చాలు, లెయ్. ముద్దలు చిన్న కోడలు పెడతాది."

"కలిపిన చెయ్యే కదత్తా ఇది?"

"కలపడానికి పనికొస్తాది. జాడీకి మొగుడుండాడా పోయేదానికి? కడుపుతో ఉండే పిల్లకుండాడు."

"అట్లని యాడుండాది?"

"మీ మామ పోయినాక నీకు నేను పెట్టినానా ముద్ద? గుర్తు తెచ్చుకో."

పెట్టలేదు. ఆ ఏడే బేసిను నా ముందుకు తోసింది. నాకు పెద్దరికం ఇచ్చిందని మురిసిపోయాను. ఆమె చెయ్యి ఎందుకు వెనక్కి తీసుకుందో అడగాలని కూడా తోచలేదు.

అయినా నేను లేవలేదు. ముద్ద చేసి నా కూతురి ముందు పట్టాను. అత్త ఏమన్నా అననీ, నా కడుపున పుట్టింది తింటే చాలనుకున్నాను. అది నా చెయ్యి చూసింది, వాళ్లవ్వను చూసింది.

"నాకొద్దు మా. వాంతి వచ్చేట్టుండాది."

"అక్కా, పక్కకు జరుగు. బేసినిట్లియ్యి," అని నా తోడికోడలు నవ్వుతూ కూర్చుంది. అదే బేసిను, అదే అన్నం, పిసికింది కూడా నేనే. ఆమె చేతి నుంచి నా కూతురు వరసగా తినింది. వాంతి రాలేదు.

"చూడప్పా, పిల్ల ఎంత ఆశగా తింటాందో," అంది మా అత్త.

నా చేతిలోది నేనే మింగి, మిగిలిన అన్నంతో బేసిను ఎత్తుకుని పెరట్లోకి పోయాను. కుడితి తొట్టి పక్కన కూర్చుని తిన్నాను. ఆకలి లేదు, పెదవులు వాచాయి, అయినా తింటూనే ఉన్నాను. ఒక ముద్దకు సరిపడా మిగిలి ఉండగా నా కూతురు వచ్చింది. వెనక్కి ఒకసారి చూసుకుని నా పక్కన కూర్చుంది.

"మా, ఈడైతే ఎవరూ చూడరులే. ఒక ముద్ద పెట్టు."

"వాంతి వస్తాదంటివే."

"అవ్వ ముందర ఏం చేయల్ల మా? రేపేమన్నా అయితే నన్నే అంటారు."

"నిన్ను కాదు, నన్నంటారు."

"పెట్టు మా, నోరూరుతాండాది."

బేసిను తొట్టిలో బోర్లించాను. అన్నం కుడితిలో పడింది. దాని మొహం చూస్తూనే ఆ పని చేశాను.

"మీ చిన్నమ్మనడుగు పో. ఆమె చెయ్యి మంచిది."

అది లేవడానికి కష్టపడింది. నేను చెయ్యి అందించలేదు. గోడ పట్టుకుని లేచి లోపలికి పోయింది.

కాన్పు సుఖంగా అయింది. బిడ్డ బాగున్నాడు, అల్లుడూ బాగున్నాడు. ఆ రోజు దాని నోట్లో నా ముద్ద పడనీయలేదు కాబట్టే అంతా బాగుందని మా అత్త వచ్చినవాళ్లందరికీ చెప్పింది. నా కూతురు మంచం మీద ఉండి వినింది. కాదనలేదు.