దూప తెలిసిన మైదాకు

మొన్న మా మనవరాలు బజారు నుంచి కోను తెచ్చుకొని, టీవీ చూస్తూనే చేతిమీద గీతలు గీసుకొని, అరగంటలో కడిగేసి, ఎర్రబడ్డ అరచేయి నా ముందు చాపింది. బాగుందే అన్నాను గానీ, నా మనసు అప్పటికే బాన్సువాడలో మా ఇంటి వెనకనున్న మైదాకు చెట్టు దగ్గరికి వెళ్లిపోయింది. గోరింటాకును మా వైపు మైదాకంటాం.

అక్క పెళ్లి కుదిరిన ఏడు అమ్మ జుక్కల్ దగ్గరి తన పుట్టింటి నుంచి ఓ కొమ్మ తెచ్చి నాటింది. అక్కడ దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఎర్రమట్టి దిబ్బమీద ఎండకు ఎండుతూ కూడా ఏడాదంతా పచ్చగానే ఉంటుంది. మాదేమో నిజాంసాగర్ కాలువ పారే ఊరు. కరువు చూసి పెరిగిన మా నాయినకు కాలువ వచ్చి అన్నేళ్లయినా ఆ మురిపెం తీరలేదు. పొలానికొచ్చే నీళ్లలోంచి పెరట్లోకి ఓ పాయ తీశాడు. అది చాలదన్నట్టు ఎనిమిదేళ్ల నేను, అక్కమీది ప్రేమంతా చూపించడానికి ఆ చెట్టే దొరికినట్టు, పూటకు రెండు చెంబులు పోసేదాన్ని. చెట్టు గుబురుగా పెరిగింది, చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు.

అత్తవారింటికి వెళ్లిన అక్క మొదటి ఆషాఢానికి వచ్చింది. అమ్మ ఆకు మెత్తగా నూరి పెట్టింది. కడిగితే పలచటి చాయ్ రంగు! చేయి ఎర్రగా పండితే మొగుడికి ప్రాణమంటారు. పండకపోతే ఏమిటన్నది ఎవరూ పైకి అనరు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు అక్క చేతులు తిప్పి తిప్పి చూసి, మాట మార్చి వెళ్లిపోయారు. ఆ నెలంతా అక్క చేతులు కొంగులోనే దాచుకుంది. అమ్మకు అన్నం సయించలేదు.

జుక్కల్ నుంచి అమ్మమ్మ వచ్చి, రెండాకులు నమిలి ఉమ్మేసింది. "నీళ్లు తాపి తాపి దీన్ని పాలకూర జేసిన్రు. మైదాకుకు దూప ఎరుక గావాలె బిడ్డా, గప్పుడే రంగొస్తది" అంది.

దాహం తెలియాలట! అమ్మ ఆ రోజే పాయ పూడ్చి, నా చెంబు అటక ఎక్కించింది. ఎండాకాలమంతా ఆకులు చిన్నబోయి, గరుకుబారి కనిపిస్తుంటే రోజూ వెళ్లి తడిమి చూసేదాన్ని. అయినా ఒక్క చుక్క పోయలేదు.

మరుసటి ఆషాఢం అక్క కొంచెం చిక్కి వచ్చింది. ఈసారి చేతులు ముదురెరుపుగా పండాయి. అమ్మ ఆనందం పట్టలేక అక్కను ఇంటింటికీ తిప్పి చూపించింది. తిరిగొచ్చాక అక్క మెల్లగా అడిగింది, "అమ్మా, ఇంకో నెల ఈడనే ఉండనా?"

"గింత ఎర్రగ పండినంక గీ పిచ్చి మాటలేందే" అని అమ్మ నవ్వేసింది. వారానికి బావ బండి కట్టుకొని వచ్చాడు, అక్క ఎక్కి వెళ్లిపోయింది.

ఇప్పటి ఆడపిల్లలు తమ కష్టం తామే చెప్పుకుంటారు, మనవాళ్లు దాన్ని నోటి దురుసంటారు. నేననను. మా ఇంట్లో చెట్టుకు ఏం కావాలో కనుక్కున్నాం, అక్కకేం కావాలో కనుక్కోలేదు. ఆ తర్వాత అక్కా నేనూ ముసలివాళ్లమయ్యేదాకా ఎన్ని కబుర్లు చెప్పుకున్నామో! ఆ ఒక్క నెల ఎందుకు అడిగావక్కా అని మాత్రం నేను అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే అక్క లేదు.