పున్నారావు చలవ మందు

మా వీధి చివరింటి పున్నారావు మిరపకాయలు ఆరబోసిన కళ్లంలోనే పొద్దస్తమానం ఉంటాడు. ఈ ఏడు మాత్రం కాయలు తిరగేయడం కన్నా కంప చాటుకు వెళ్లిరావడమే ఎక్కువైంది. అక్కడ ఒక చేత్తో రాట పట్టుకుని, కళ్లు మూసుకుని ఎంతసేపో నిలబడతాడు. తిరిగొచ్చేటప్పుడు పంచె సర్దుకుంటూ, ఎవరైనా చూశారేమోనని బెదురుగా దిక్కులు చూస్తాడు. ఏమైందని అడిగితే, "కాయ ఘాటుకి వేడి చేసిందమ్మా" అంటాడు. మిరప పండించే ఊళ్లలో ఏ బాధకైనా ఆ మాట సరిపోతుంది. అందుకని చలవ చేస్తాయంటూ సబ్జా నీళ్లు, బార్లీ నీళ్లు తాగుతూనే ఉన్నాడు.

నిన్న పొద్దుటి నుంచి ఒక్క చుక్క మూత్రం రాలేదు. ఆ సంగతి దాచిపెట్టి ఇంకో చెంబెడు బార్లీ నీళ్లు తాగాడు. మధ్యాహ్నానికి కాయల కింద పరిచిన పట్టా మీద కూలబడ్డాడు. పెళ్లాం సౌభాగ్యం పొత్తికడుపు తడిమి చూస్తే రాయిలా ఉంది. "ఎప్పట్నించయ్యా ఇది?" అంది. "అరవమాకే, కూలోళ్లు వింటారు." "విననీ! సిగ్గుపడతా చస్తావా ఏంది?" అంటూనే ఆటో పిలిపించి సత్తెనపల్లి ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు మూత్రం పోవడానికి గొట్టం వేసి, దాని చివర సంచీ తగిలించాడు. "ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం దారి మూసేసింది. బయటికి పోయే దారి లేనప్పుడు అన్ని నీళ్లెందుకు తాగావు పెద్దాయనా? అది మామూలు పెరుగుదలో కాదో పరీక్షలు చేస్తేగాని తెలీదు" అన్నాడు. డాక్టరు అటు వెళ్లగానే పున్నారావు పెళ్లాం చెయ్యి పట్టుకుని, "మామూలుది కాదంటే ఏంటే?" అని అడిగాడు. అంత నోరున్న సౌభాగ్యం, మంచం పక్కన నిండుతున్న సంచీ ఎవరికీ కనపడకుండా దాని మీదికి దుప్పటి లాగింది.