శ్యామ్‌బజార్ ట్రామ్‌లో సింహాద్రి

కంచరపాలెం సింహాద్రికి బెంగాలీ ఎవరూ నేర్పలేదు. దసరా సెలవులకు విశాఖ వచ్చే కలకత్తా కుటుంబాలను ఏళ్ల తరబడి తన ఆటోలో కైలాసగిరికీ, సింహాచలానికీ, రుషికొండకీ తిప్పుతూ, వెనక సీటు మాటలు విని విని పట్టుకున్నాడు.

"పైఊరోల్లందరికీ ఊరు సూపిత్తావు. నన్నొక్కపాలి ఎక్కడికైనా తీసుకెల్లినావేటి?" అని భార్య దేముడమ్మ దెప్పుతుండేది.

ఆ భాష తెలిసిన పాపానికి ఒకరోజు ఆస్పత్రివాళ్లు అతన్ని పిలిపించారు. అచ్యుతాపురంలో ఒక మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్ పేలింది. పోయినవాళ్లలో సుబీర్ అనే బెంగాలీ కుర్రాడున్నాడు. తండ్రి తారాపద కలకత్తాలో ట్రామ్ కండక్టరు. అక్కడ ట్రామ్ దారులు ఒక్కొక్కటే మూతపడుతుంటే, ఇక ఆ పని తన తర్వాత లేదని తెలిసి, కొడుకును కాంట్రాక్టరు వెంట ఇటు పంపాడు. ఇప్పుడు భార్య మాలతితో కలిసి శవం కోసం వచ్చాడు.

"తెల్లారేదాకా బతికాడు. తెలివిలోనే ఉన్నాడు. మంచినీళ్లు అడుగుతూనే ఉన్నాడు," అన్నాడు డాక్టరు తెలుగులో.

మాలతి సింహాద్రి నోటివంకే చూస్తోంది. అతను బెంగాలీలో, "పేలగానే పోయాడమ్మా. నొప్పి తెలియలేదంటున్నారు," అన్నాడు.

ఆవిడ గోడకు నుదురు ఆనించి, "దేవుడు అంతవరకైనా దయ చూశాడు," అంది.

ఏడాది తిరగకుండా తారాపద ఫోన్ చేశాడు. "మా దారిలో కూడా ట్రామ్ ఆపేస్తారంటున్నారు. మా ఊరివాళ్లకి మీ ఊరంతా చూపించావు. ఆగిపోయేలోపు రా, మా ఊరు నేను చూపిస్తాను."

దేముడమ్మ కొత్త చీర కట్టుకుని హౌరా రైలెక్కింది.

తారాపద ఆ రోజు సెలవు పెట్టాడు. నలుగురూ శ్యామ్‌బజార్‌లో ట్రామ్ ఎక్కారు. ఆడవాళ్లు ముందు సీట్లో కూర్చున్నారు, మగవాళ్లు వాళ్లకు బాగా వెనక. డ్రైవరు కాలితో గంట కొట్టాడు. చెక్క సీట్లు, ఇనప చట్రాలు ఒక్కసారిగా వణికాయి. రిక్షాలనూ తోపుడు బళ్లనూ తప్పుకోమంటూ, దుకాణాల ముందునుంచి, మనిషి పరిగెత్తి ఎక్కగలిగేంత నెమ్మదిగా బండి సాగింది.

"ఓలమ్మ, రైలు బజార్లోకొచ్చీసినాదేటయ్యా!" అని దేముడమ్మ వెనక్కి తిరిగి నవ్వింది. మాలతి ఆమె చెయ్యి తీసి కిటికీ ఊచ మీద పెట్టి ఏదో చెప్పింది. దేముడమ్మకు అందులో సుబీర్ అన్న పేరొక్కటే అర్థమై, నవ్వు ఆపేసింది.

తారాపద ఒక్కొక్క మలుపూ చూపిస్తూ వచ్చాడు. పాత థియేటర్లు, మెట్ల చెరువు, ఆ తర్వాత కాలేజీ స్ట్రీట్‌లో పేవ్‌మెంటు మీదికి పొంగిన పుస్తకాల దుకాణాలు. అవి దాటాక గొంతు తగ్గించాడు.

"అచ్యుతాపురంలో సుబీర్ గదిలో ఉండే కుర్రాడు ఊరికొచ్చాడు. ఆస్పత్రి వార్డులో కూడా వాడిది పక్క మంచమేనట."

సింహాద్రి కిటికీ వైపు తల తిప్పుకున్నాడు.

"నీళ్లడిగాడటగా."

"ఆ రోజు ఆవిడ నా ముఖంలోకే చూస్తోంది. నిజం చెప్పడానికి నోరు రాలేదు, దాదా."

"నీ మాట పట్టుకుని నేను కొన్నాళ్లు నిద్రపోయాను. ఆ కుర్రాడు వచ్చాక మళ్లీ మొదలైంది. నా కొడుకు నాకు రెండుసార్లు చచ్చిపోయాడు."

"అందుకా నన్ను పిలిచారు?"

"తిట్టడానికి కాదు." తారాపద ముందు సీటు వైపు చూశాడు. "తనకింకా తెలియదు. కానీ అనుమానం పట్టుకుంది. నేను చెబితే నమ్మడం లేదు. ఆ వైజాగ్ మనిషి నోటితో ఇంకోసారి వినాలంటోంది. భోజనాల దగ్గర అడుగుతుంది. అప్పుడు చెప్పిందే చెప్పు."

ఎస్ప్లనేడ్‌లో దిగాక మాలతి మగవాళ్లిద్దరినీ ట్రామ్ పక్కన నిలబెట్టి ఫొటో తీసింది. సింహాద్రికి కళ్లెత్తడం కష్టమైంది.

ఇంట్లో ఆవిడ అన్నం, చేపల కూర వడ్డించి, గరిటె పక్కన పెట్టి అడిగింది. సింహాద్రి ఆవిడ కళ్లలోకి చూస్తూ అదే మాట చెప్పాడు. ఆవిడ చాలాసేపు చూసి, "తిను బాబూ, చల్లారిపోతుంది," అంది. నమ్మిందో లేదో అతనికి అంతుబట్టలేదు.

తిరుగు రైల్లో భార్యకు అంతా చెప్పాడు.

"తల్లికి మరింకేటి సెప్తావు?" అంది దేముడమ్మ.

"నాను సెప్పింది ఆయన మొయ్యలేకపోతన్నాడే. పొద్దు గూకీదాకా ఆవిడెదురుగా ఆ అబద్దాన్ని మోత్తన్నాడు."

ఆ తర్వాతి వానాకాలంలో ఆస్పత్రి నుంచి మళ్లీ కబురొచ్చింది. ఈసారి పోయింది బెంగాల్‌లోని మాల్దా నుంచి వచ్చిన కూలీ; శవం కోసం వచ్చింది అతని తమ్ముడు. డాక్టరు చెప్పిందంతా సింహాద్రి విన్నాడు. తమ్ముణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి, "ఉన్నదున్నట్టు చెప్పమంటావా?" అని అడిగాడు. కుర్రాడు తల ఊపాడు.

సింహాద్రి చెప్పాడు. ఒక్క మాటా వదల్లేదు.

కుర్రాడు లేచి అతని చొక్కా కాలరు రెండు చేతులా పట్టుకుని, గుండీలు తెగేలా ఊపేస్తూ అరిచాడు. సెక్యూరిటీ మనిషి పరిగెత్తుకొచ్చాడు. సింహాద్రి అతన్ని దగ్గరికి రావద్దని చేత్తో వారించి, ఆ చేతుల మధ్య అలాగే నిలబడ్డాడు.